గండికి అటూ ఇటూ

నర్సంపేట నుంచి తూర్పుకు సాగితే పది పన్నెండు కిలోమీటర్ల దాకా నేల తీరు పెద్దగా మారదు. ఎర్ర చెలకలు, అక్కడక్కడా గ్రానైట్ గుండ్లు, పత్తి, మక్క, మిరప, నీళ్లున్నచోట వరి. ఆ తర్వాత అడవి కప్పుకున్న గుట్టల వరుస దారికి అడ్డం వస్తుంది. ఆ వరుసలో ఒకచోట గండి ఉంది. గుట్టల లోపల కురిసిన వానంతా ఒకప్పుడు ఆ గండిలోంచే వాగై బయటికి పారేది. 13వ శతాబ్దం మొదట్లో కాకతీయుల మనుషులు దానికి అడ్డంగా మట్టికట్ట వేశారు. మూడు వైపులా గుట్టలు, పడమట కట్ట. అదే పాకాల చెరువు.

పాకాల గురించి రాసేవాళ్లు సాధారణంగా కట్ట దగ్గర మొదలుపెట్టి, రాజుల పేర్లు చెప్పి, బోటు షికారుతో ముగిస్తారు. నా ఆసక్తి కట్ట వెనక ఉన్న లోయ మీద. కట్టకు పైన అడవి పల్లెలు, కట్టకు కింద వరి ఊళ్లు. ఎనిమిది వందల ఏళ్లుగా ఒకరి బతుకును ఇంకొకరు నిర్ణయిస్తూ వచ్చారు. అయినా ఒకరి సంగతి ఒకరికి సరిగా తెలియదు. ఆ ఇరుగుపొరుగుతనం ఎలా ఏర్పడిందో చెప్పాలంటే రాళ్ల దగ్గర మొదలుపెట్టాలి.

జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అధికారి విలియం కింగ్ 19వ శతాబ్దం రెండో సగంలో ఈ ప్రాంతమంతా తిరిగి పటాలు గీశారు. ఇల్లందు దగ్గర 1871లో బొగ్గును గుర్తించింది ఆయనే. ప్రాణహిత-గోదావరి లోయ భూవిజ్ఞానం మీద ఆయన గ్రంథం 1881లో వెలువడింది. ఈ గుట్టల రాళ్లను ఆయన 'పాకాల' రాళ్లన్నారు. చెరువు పేరు రాళ్లకు వెళ్లింది. ఆ తర్వాత వచ్చిన శాస్త్రవేత్తలు వాటిని పొరలు పొరలుగా విడదీసి మల్లంపల్లి, ములుగు, జాకారం, బోలపల్లి, పందికుంట అంటూ ఊళ్ల పేర్లే పెట్టుకుంటూ పోయారు. వరంగల్ నుంచి ములుగు వెళ్లే బస్సు ఆగే ఊళ్ల పేర్లు అంతర్జాతీయ భూవిజ్ఞాన పత్రికల్లో అచ్చవుతుంటాయి. ఆ ఊళ్ల బడుల్లో చదివే పిల్లలకు మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పరు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

ఈ రాళ్ల వయసు ఎలా కట్టారో చూద్దాం. పాకాల ఇసుకరాళ్లలో గ్లాకొనైట్ అనే ఆకుపచ్చ ఖనిజం దొరుకుతుంది. ఇది సముద్రం అడుగున, మట్టి పేరుకుంటున్నప్పుడే అక్కడికక్కడ పుడుతుంది. దానిలో పొటాషియం ఎక్కువ. పొటాషియంలో అతి కొద్ది భాగం రేడియోధార్మికమైన పొటాషియం-40. అందులో సగం క్షీణించడానికి దాదాపు 125 కోట్ల ఏళ్లు పడుతుంది. క్షీణించినదాంట్లో పదో వంతుకు కాస్త పైన ఆర్గాన్ వాయువుగా మారి స్ఫటికంలోనే చిక్కుకుంటుంది. చిక్కిన ఆర్గాన్ ఎంతో, మిగిలిన పొటాషియం ఎంతో కొలిస్తే ఆ సముద్రం ఎప్పటిదో తెలుస్తుంది. ఈ పద్ధతిలో పాకాల రాళ్లలో అడుగు పొరల వయసు 160 కోట్ల ఏళ్ల పైమాటేనని తేలింది.

అవును, సముద్రం. నేడు టేకు, నల్లమద్ది, ఇప్ప పెరిగే గుట్టలు ఒకప్పటి లోతులేని సముద్రపు అడుగు. పాకాల సున్నపురాళ్లలో స్ట్రొమాటొలైట్లు ఉన్నాయి. నీలిఆకుపచ్చ సూక్ష్మజీవులు జిగట పొరగా పరుచుకుని, తమ మీద పడిన సన్నటి సున్నాన్ని పట్టి ఉంచి, వెలుతురు కోసం మళ్లీ పైకి పెరిగి, అలా పొర మీద పొర వేసిన కట్టడాలవి. అప్పటికి చేప లేదు, పురుగు లేదు, నేల మీద గడ్డిపోచ లేదు. భూమి గాలిలోకి ఆక్సిజన్‌ను వదిలిన జీవులు మాత్రం మన ములుగు, నర్సంపేటల మధ్య పనిచేస్తూ ఉండేవి.

ఆ సముద్రపు మట్టి ఏ నేల మీద పేరుకుంది? పడమట చెలకల్లో కనిపించే గ్రానైట్, నైస్ రాళ్ల మీదే. వాటి వయసు 250 కోట్ల ఏళ్ల ప్రాంతం. పాకాల పొరలు ఈ పాత నేల అంచున కూర్చుని ఈశాన్యం వైపు వాలి ఉంటాయి. రెండూ కలిసే గీత ఎక్కడైనా బయటపడి ఉంటే, దాని మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, వేళ్ల కిందికీ మణికట్టు కిందికీ మధ్య ఎనభై కోట్ల ఏళ్లు తేడా ఉంటుంది. ఆ మధ్యకాలపు రాయి లేదు. ఏర్పడితే అరిగిపోయింది, లేదంటే ఏర్పడనే లేదు.

ఈ గీత పుస్తకాల్లో ఉండిపోయే గీత కాదు. గ్రానైట్ శిథిలమైతే ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రమట్టి వస్తుంది. ఎరువు వేసి నీళ్లు పెడితే అది పంటనేల అవుతుంది. పాకాల గుట్టల మీద మట్టి పలచన, రాళ్లెక్కువ, వాలు ఎక్కువ. నాగలికి లొంగే నేల కాదు కనక అక్కడ అడవి నిలిచింది. అడవి నిలిచినచోట అడవి మనుషులు నిలిచారు. గీతకు పడమర సాగు ఊళ్లు, తూర్పున కోయ గూడేలు. రాతి పటాన్నీ జనాభా పటాన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే ఇప్పటికీ ఈ విభజన చాలావరకు కనిపిస్తుంది.

పాకాల రాళ్లు గోదావరికి అటూ ఇటూ రెండు పట్టీలుగా ఉంటాయి. నడిమి భాగం భూమి బీటల వెంట కుంగి, ఆ పల్లంలో తర్వాతి కాలపు ఇసుకరాళ్లు, బొగ్గు పొరలు నిండాయి. భూపాలపల్లి, రామగుండం, కొత్తగూడెం గనులన్నీ ఆ నింపుడులోవే. ఆ బీటలు ఇంకా పూర్తిగా సద్దుమణగలేదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం ప్రాంతంలో 5.7 తీవ్రతతో భూకంపం వచ్చింది. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో నేల కదిలితే హైదరాబాద్ దాకా తెలిసింది.

ఇక గండి సంగతి. కోట్ల ఏళ్ల వానలకు షేల్ వంటి మెత్తటి పొరలు అరిగి పల్లమయ్యాయి. ఇసుక రేణువులు సిలికాతో అతుక్కుని గట్టిపడిన క్వార్ట్‌జైట్ పొరలు వరుస గుట్టలై మిగిలాయి. నీరు బయటపడటానికి ఎక్కడో ఒకచోట ఆ గట్టి వరుసను కోయాలి. కోసిన చోటే గండి. లోపల వెడల్పైన పల్లం, బయటికి ఇరుకైన దారి. చెరువు కట్టేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో, జగదాల ముమ్మడి ఈ చెరువు కట్టించాడని శాసనం చెబుతోంది. కట్ట పొడవు సుమారు 2000 గజాలు, అంటే రెండు కిలోమీటర్లకు కాస్త తక్కువ. అది ఆపే నీటి విస్తీర్ణం నిండుగా ఉన్నప్పుడు దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. మైదానంలో ఇంత నీరు నిలపాలంటే కట్టను మూడు వైపులా తిప్పాలి. ఇక్కడ ఆ పని గుట్టలు చేసిపెట్టాయి. కాకతీయుల చెరువులన్నిటినీ ఒకే గాటన కట్టి పొగడటం మనకు అలవాటైపోయింది కానీ, పాకాల, రామప్ప, లక్నవరం వంటివి వేరే కోవకు చెందినవి. ఊరి పల్లంలో తవ్విన కుంటకు శ్రమ చాలు. పాకాలకు గుట్టల ఒంపుసొంపులు చదివిన కన్ను కావాలి. కట్ట వేసే ముందు లోయంతా ఎవరో కాలినడకన తిరిగి ఉంటారు. దారి చూపింది అక్కడి అడవిలో బతికేవాళ్లే అయి ఉంటారని నా ఊహ. శాసనాల్లో వాళ్ల పేర్లు ఉండవు.

లోతు ఎందుకంత ముఖ్యమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. తెలంగాణ ఎండలకు తెరచి ఉన్న నీటి మీద నుంచి ఏడాదిలో ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల నీరు ఆవిరైపోతుంది. రెండు మీటర్ల లోతున్న ఊరికుంట పంటకు ఒక్క చుక్క ఇవ్వకపోయినా వేసవికి ఎండిపోవడం ఖాయం. పాకాల గేజీ 30 అడుగులు చూపినప్పుడు, అంటే తొమ్మిది మీటర్లప్పుడు, ఎండ తీసుకున్నది పోగా యాసంగికీ మిగులుతుంది. మొసళ్లకూ మిగులుతుంది. అందుకే ఈ చెరువులో మగ్గర్ మొసళ్లు బతుకుతున్నాయి.

గేజీ దాటితే మత్తడి దుంకుతుంది. ఆ మాట వినపడితే నర్సంపేట సంతలో కూడా జనం ముఖాలు మారతాయి. సంగెం, తుంగబంధం, జాలుబంధం కాలువల కింద రైతులు అప్పుడు నారుమళ్ల మాటలు మొదలుపెడతారు. ఆయకట్టు దాదాపు 30 వేల ఎకరాలని లెక్క చెబుతారు.

ఇంత పెద్ద చెరువు ఎనిమిది శతాబ్దాల్లో పూడిపోకుండా ఎలా ఉంది? నా మట్టుకు ఈ అధ్యాయంలో అసలు ప్రశ్న ఇదే. జవాబు కట్టలో దొరకదు, కట్ట వెనక దొరుకుతుంది.

వాన చినుకు బోడినేల మీద పడితే మట్టిరేణువును ఎగరగొడుతుంది. అదే చినుకు ముందు ఆకు మీద, ఆ తర్వాత నేల మీద పరుచుకున్న ఎండుటాకుల మీద పడితే దాని దూకుడు తగ్గి, నీరు మెల్లగా నేలలోకి ఇంకుతుంది. ఇంకినది రాతి పగుళ్ల వెంట దిగి వారాలు, నెలల తర్వాత ఊటగా బయటికొస్తుంది. అడవి ఉన్న వాగు వాన వెలిశాక కూడా పారుతుంటుంది, తేటగా ఉంటుంది. అడవి పోయిన వాగు వాన పడుతున్నప్పుడే ఎర్రగా పొంగి, తెల్లారేసరికి ఎండిపోతుంది.

వచ్చిన కొద్దిపాటి మట్టి కూడా చెరువులో అంతా ఒక్కచోట దిగదు. మిల్లీమీటరులో అయిదో వంతున్న ఇసుక రేణువు నిలకడ నీటిలో సెకనుకు రెండు సెంటీమీటర్ల లెక్కన దిగుతుంది. తొమ్మిది మీటర్ల లోతు దిగడానికి దానికి ఏడెనిమిది నిమిషాలు చాలు. మిల్లీమీటరులో అయిదువందో వంతున్న బంకమట్టి రేణువుకు అదే లోతు దిగడానికి దాదాపు నెల పడుతుంది. అందుకే వాగులు చెరువులో కలిసే తూర్పు అంచునే ఇసుక ఆగిపోతుంది. సన్నటి బంక నీటిలో తేలుతూ తూముల దాకా వచ్చి, కాలువల వెంట పొలాలకు చేరుతుంది. కొత్త నీరు పొలానికి బలం అని రైతులు అనే మాటకు ఆధారం ఇదే. ఆ బంకతోపాటు అడవిలో కుళ్లిన ఆకు సారమూ వస్తుంది. కొత్తగూడ వైపు అడవి ఆకు ఖానాపురం వరిమడిలో ఎరువవుతోంది.

గుట్టల వెనక కొత్తగూడ, గంగారం మండలాల్లో కోయలు ఎక్కువ. వాళ్ల భాష గోండీకి దగ్గరి ద్రావిడ భాష. వంశాలు గట్టులుగా ఉంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు అంటూ ప్రతి గట్టుకూ ఇలవేల్పు, ఆ వేల్పు కథను చిత్రించిన గుడ్డ పడిగెలు. పడిగె విప్పి, డోలు వాయిస్తూ ఆ కథ పాడేవాళ్లు డోలి కోయలు. అలాంటి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. గుంజేడు ముసలమ్మ దగ్గరికీ, రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి మేడారం సమ్మక్క సారలమ్మల దగ్గరికీ ఆయకట్టు రైతులు కూడా బండ్లు కట్టుకుని వెళ్లడం పాత అలవాటు. మేడారంలో బెల్లాన్నే బంగారమంటారు, నిలువెత్తు తూచి ఇస్తారు. చెరువు కింది వాళ్లు చెరువు పైని దేవతలకు మొక్కడం కేవలం భక్తి వ్యవహారమని నేననుకోను. నీళ్లు ఎటునుంచి వస్తాయో ఆ తరాలకు తెలుసు.

లంబాడీలది వేరే దారి. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోస్తూ దక్కనంతా తిరిగిన వర్తకులు వాళ్లు. 19వ శతాబ్దంలో రైళ్లు, రోడ్లు వచ్చాక ఆ బతుకుతెరువు పోయింది. మందలకు మేత దొరికే అడవి అంచుల్లో తండాలు వెలిశాయి. 1976 చట్టంతో తెలంగాణ లంబాడీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో చేరారు. భూమి, ఉద్యోగాల విషయంలో కోయలకూ వాళ్లకూ మధ్య ఉన్న వివాదం చిన్నదేమీ కాదు. గూడెం, తండా పక్కపక్కనే ఉన్నచోట కూడా ఆ బిగువు ఉంటుంది.

వీళ్లందరి వల్లా అడవికి మేలేనని చెప్పను. ఇప్పపూలు ఏరేందుకు చెట్ల కింద ఎండుటాకు తగలబెట్టడం ఉంది. చినుకు దూకుడు ఆపేది ఆ ఎండుటాకే. నిలువు వాలు మీద పోడు కొడితే మొదటి నాలుగైదు వానలకే పైమట్టి పోతుంది. అయితే అదే పోడు మీద హక్కు పత్రం చేతికొచ్చిన కుటుంబం గట్లు పోసుకుంటుంది, చెట్టు పెంచుకుంటుంది. రేపు ఎవరో వచ్చి తరిమేస్తారన్న భయమున్న చోట ఎవరూ గట్టు పోయరు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి హక్కు ఇవ్వాలన్న 2006 అటవీ హక్కుల చట్టాన్ని ఈ కోణంలో కూడా చూడాలి. అది న్యాయం కోసం చేసిన చట్టమే, పూడికను ఆపే చట్టం కూడా అవుతుంది. 1952లో 860 చదరపు కిలోమీటర్ల మేర పాకాల అభయారణ్యం ప్రకటించినప్పుడు దుప్పి, కణుజు, అడవిదున్నల గురించి ఆలోచించారు. లోపలి మనుషులు ఆ ఆలోచనలో లేరు.

ఆశ్చర్యమేమంటే నీటి పంపకంలోనూ వాళ్లు లేరు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకు సాగునీటి యాజమాన్యం అప్పగిస్తూ చట్టం చేసింది. దేశంలో పేరు తెచ్చుకున్న చట్టమది. నీటి వినియోగదారుల సంఘంలో సభ్యత్వం ఆయకట్టులో భూమి ఉన్నవారికి దక్కింది. చెరువులోకి నీరు పంపే పరీవాహకంలో ఉన్న కోయ, లంబాడీ ఊళ్లకు అందులో స్థానం లేదు. సరిగ్గా అదే 1997లో అమెరికాలో న్యూయార్క్ నగరం వేరే దారి పట్టింది. ఆ నగరపు తాగునీటిలో అత్యధిక భాగం వందల కిలోమీటర్ల పరిధిలోని క్యాట్స్‌కిల్, డెలావేర్ కొండలోయల నుంచి వస్తుంది. శుద్ధి కర్మాగారానికి వందల కోట్ల డాలర్లు పోసే బదులు, ఎగువ లోయల పట్టణాలతో, రైతులతో ఒప్పందం చేసుకుంది. వాళ్ల పశువుల పెంట వాగులో కలవకుండా చేసే ఖర్చు, మరుగుదొడ్ల మరమ్మతు ఖర్చు నగరం భరించింది. ఎగువ అడవి బాగుంటే దిగువ నీరు బాగుంటుందన్న లెక్కను డబ్బులోకి మార్చి చూసుకున్నారు. పాకాల కింద 30 వేల ఎకరాల రైతు, పైన ఎండుటాకును తగలబెట్టకుండా ఇప్పపూలు ఏరే కుటుంబానికి ఎకరానికి ఎంతోకొంత ఇవ్వడం అసాధ్యమైన పనేమీ కాదు. చెట్టు కింద పరిచేందుకు వలలు కొనిచ్చినా చాలు, మంట అవసరం ఉండదు.

ఈ మధ్య లోయకు కొత్త పొరుగు కూడా వచ్చింది. పాకాల నీరు సహజంగా కృష్ణకు పోయేది. రామప్ప, లక్నవరాలవి గోదావరి వైపు పోయే నీళ్లు. వాటి మధ్య విభజన రేఖ ఈ అడవిగుట్టల మీదే సాగుతుంది. దేవాదుల పథకంతో గోదావరి నుంచి ఎత్తిన నీటిని రామప్ప మీదుగా పాకాలకు తెస్తున్నారు. వాన తక్కువైన ఏడాది ఆయకట్టుకు ఇది భరోసా. కానీ కరెంటు ఖర్చుతో వచ్చే నీటికి అలవాటుపడి, ఊరికే వచ్చే నీటినిచ్చే అడవిని పట్టించుకోకపోవడం జరగవచ్చు.

మత్తడి దుంకిన నీరు ఎక్కడికి పోతుంది? గూడూరు వైపు పాకాల వాగై పారి, గార్ల దగ్గర పాకాల ఏరని పిలిపించుకుని, ఖమ్మం చేరేసరికి మున్నేరవుతుంది. విజయవాడకు ఎగువన కృష్ణలో కలుస్తుంది. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో మహబూబాబాద్ జిల్లాలో కుంభవృష్టి కురిసింది. కేసముద్రం-ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది, మనుషులు ఇళ్ల కప్పుల మీద నిలబడ్డారు. ఆ నీరంతా పాకాలది కాదు, నడుమ ఎన్నో వాగులు కలిశాయి. అయినా పాకాలలో ఒక్క మీటరు ఖాళీ ఉంటే 30 చదరపు కిలోమీటర్ల మీద మూడు కోట్ల ఘనమీటర్ల నీరు, ఒక టీఎంసీకి పైన, ఆగుతుంది. చెరువు ముందే నిండి ఉంటే వచ్చిందంతా మత్తడి మీదుగా కిందికి పోవాల్సిందే. అంతకు ముందు ఏడాది, 2023 జులై 26 ఉదయం నుంచి మర్నాడు ఉదయం దాకా, ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్కరోజులో నమోదైన వానల్లో అదే అత్యధికం. అంతటి వాన పాకాల గుట్టల మీద పడకూడదన్న నియమమేదీ లేదు.

కనక లోయలోకి దిగే వాగుల మీద గేజీ కర్రలు, గూడేల్లోని, తండాల్లోని ఆశ్రమ పాఠశాలల్లో వానమాపకాలు పెట్టాలని నా కోరిక. వానమాపకం ఖరీదు పెద్దది కాదు. ఉదయం ఎనిమిదిన్నరకు ఒకసారి, గట్టి వాన రోజు గంటకోసారి పిల్లలే చదివి రాయగలరు. ఆ అంకె ఫోనులో పాకాల కట్ట మీది సిబ్బందికి, గూడూరుకు, గార్లకు, ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీలకు ఒకేసారి అందాలి. కొండవాగు నుంచి ఖమ్మం దాకా వరద ప్రయాణానికి పట్టే గంటలు, ఒక ముసలమ్మను మంచంతో సహా మేడ మీదికి చేర్చడానికి సరిపోతాయి.